నీలం దారం కుట్టిన రికార్డు

ఆ పాత పుస్తకాల, పాటల కొట్టులో రికార్డులు ఏడుస్తాయని ఊరంతా నమ్మేది. తనను కొనుక్కున్న మనిషి కన్నుమూస్తే, రికార్డు బెంగ పెట్టుకుని గొంతు వణికిస్తుందట.

"నిజంగా ఏడుస్తాయా?" అని ఆ రోజు కూడా ఒక పిల్లవాడు కళ్లు పెద్దవి చేసి అడిగాడు.

"మరేమనుకున్నావ్? నేను విన్నాగా!" అంది పిచ్చుక. ఆమె కొట్టు నడిపే తాతయ్య మనవరాలు. ఒక్కచోట నిలవదని ఆ పేరు పెట్టారు.

తాతయ్య కళ్లజోడు పైనుంచి చూశాడు. "విన్నావు సరే. ఎందుకు ఏడ్చిందో చూశావా?"

"పో తాతయ్యా! ఏడుపును చూస్తారా ఎవరైనా!"

తాతయ్య నవ్వి, భోజనానికి లేచాడు. "సాయంత్రం లెక్కల మాస్టారు వస్తారు. ఆయన రికార్డు జాగ్రత్త."

ఆ రికార్డు మాస్టారి అమ్మగారిది. ఆవిడ ఇప్పుడు లేరు. ఇల్లు మారేటప్పుడు పాత సామానుతో పాటు ఎటో పోయింది. చిరిగిన అట్ట కవరును ఆవిడ తన కుట్టుమిషను మీద నీలం దారంతో కుట్టుకున్నారు. ఆ కుట్టును బట్టే తాతయ్య దాన్ని ఎక్కడో గుర్తుపట్టి తెచ్చాడు.

మాస్టారికి వీధిలోంచే కనబడితే ఎంత బాగుంటుంది! పిచ్చుక కవరునూ, నల్లగా మెరిసే రికార్డునూ కిటికీ అద్దానికి ఆనించింది. తరువాత ఒక పాత బొమ్మల పుస్తకంలో పడి లోకం మరిచిపోయింది.

తలెత్తేసరికి కిటికీ నిండా ఎండ. రికార్డు ఒక పక్క తడిసిన అట్టలా వంగి ఉంది. అరచేతులతో అదిమింది. లాభం లేకపోయింది. గబగబా కవరులో దూర్చేసింది.

సాయంత్రం మాస్టారు కుట్టును వేలితో తడిమి చూసుకున్నారు. "మిషను తొక్కుతూ అమ్మ ఈ పాటే వినేది" అన్నారు.

తాతయ్య రికార్డును గ్రామఫోను మీద పెట్టి, ముల్లు ఆనించాడు. పాట మొదలైంది. గొంతు సన్నగా వణికింది. అంతలోనే మళ్లీ వణికింది.

మాస్టారి ముఖం పాలిపోయింది. "అందరూ అంటే నమ్మలేదు. తన పాటను పరాయిచోట వదిలేశానని అమ్మ ఏడుస్తోందండీ. ఇంక దీన్ని తిప్పను. పెట్టెలో దాచేస్తాను." ఆయన చెయ్యి ఆపడానికి ముందుకు వెళ్లింది.

పిచ్చుక వంగిన రికార్డు వైపు చూసింది. నోరు మెదపకపోతే చాలు, ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ పాట ఇక పెట్టెలోనే ఉండిపోతుంది.

"ఆపకండి మాస్టారూ!" అంది. "మీ అమ్మగారు ఏడవడం లేదండీ. నేనే... మీకు కనబడాలని ఎండలో పెట్టాను. వంగిపోయింది. చెప్పకుండా దాచేశాను."



"తాతయ్యా, తిట్టాలంటే తరువాత తిట్టు. ముందు ముల్లు చూడండి మాస్టారూ."

మాస్టారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. ఆపబోయిన చేత్తోనే కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

రికార్డు తిరిగింది. వంపు దగ్గర ముల్లు పైకి లేచి దిగింది. గొంతు అక్కడే వణికింది. ఇంకో చుట్టు తిరిగింది. మళ్లీ అక్కడే.