నల్లరంగు నిలవని చోటు

హెలికాప్టర్లు బాగుచేసే షెడ్డులో రంగులు వేసే పెయింటరు ఆ రోజు కూడా ఎప్పటిలాగే వచ్చి, మంచి చొక్కా మేకుకి తగిలించి, రంగు మరకల చొక్కా తొడుక్కున్నాడు. బయట నాలుగు రోజులుగా వదలని ముసురు. రేకుల కప్పు మీద చినుకులు ఒకే తీరుగా పడుతున్నాయి. షెడ్డు మధ్యలో రెండు సీట్ల చిన్న హెలికాప్టర్ తలుపులు ఊడదీసి నిలబెట్టి ఉంది.

అది అతని అక్క నడిపిన హెలికాప్టర్. పదకొండేళ్లు దాంతో పొలాల మీద మందు చల్లింది. అక్క పోయి రెండు నెలలవుతోంది. యజమాని దాన్ని ఇంకో పైలట్‌కి అమ్మేశాడు. అప్పగించేలోపు లోపల అరిగిపోయినవన్నీ కొత్తవాటిలా కనబడేట్టు రంగు వెయ్యాలి.

"కష్టంగా ఉంటే చెప్పు. ఇంకొకడి చేత చేయిస్తా" అన్నాడు షెడ్డు మేస్త్రి, మొహం పక్కకి తిప్పుకుని.

"కష్టమేముంది మేస్త్రిగారూ" అన్నాడు పెయింటరు.

అబద్ధమేం కాదు. అక్క పోయినప్పటి నుంచి అతనికి ఏదీ కష్టంగా లేదు, ఏదీ సుఖంగానూ లేదు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో, మనిషి మొత్తం అలా మొద్దుబారిపోయాడు. టీ తాగితే వేడి తెలిసేది, రుచి తెలిసేది కాదు.

ముందు కాళ్ల దగ్గరి పెడల్స్ గీకాడు. తర్వాత సీటు పక్కనుండే లీవరు. అన్నిటికంటే ఎక్కువ అరిగింది సీటు ముందుండే స్టిక్. హెలికాప్టర్‌ని ఎటు పోనివ్వాలన్నా దాన్నే అటు వంచాలి. అక్క కుడిచెయ్యి పట్టిన చోటల్లా నల్లరంగు పోయి, కింది పసుపు పూత కూడా పోయి, అల్యూమినియం తెల్లగా మెరుస్తోంది. నాలుగు వేళ్లు, బొటనవేలు, అరచెయ్యి... అచ్చు గుద్దినట్టు.

"చూశావురా, ఇనుమైనా సరే నా చేతిలో పడితే అరిగిపోవాల్సిందే" అనేది అక్క.

"బావని అడుగు, ఎంత అరిగాడో చెప్తాడు" అనేవాడు అతను. అక్క అతని నెత్తిన ఒక్కటిచ్చేది.

చివరి నెలల్లో మాత్రం ఇంకో మాట అంది. "ఈమధ్య స్టిక్ మొరాయిస్తోందిరా. నేను ఒకవైపు వంచుతుంటే ఇంకెవరో రెండోవైపు లాగుతున్నట్టుంది." మెకానిక్కులు అన్నీ విప్పి చూశారు. ఏ లోపమూ లేదు. "స్టిక్ కాదక్కా, నీకు వయసొచ్చింది" అని అతను నవ్వాడు. తర్వాత నెలకి అక్క కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. నరాల జబ్బన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో చేరాక ఆరు వారాలు ఉంది, అంతే.

ఆ గుర్తుల మీద గరుకు కాగితం పెట్టి రుద్దుతున్నప్పుడు కూడా అతనికి ఏమీ అనిపించలేదు. ముప్పావుగంటలో అక్క చెయ్యి పొడై నేల మీద పడింది. చీపురుతో ఊడ్చేశాడు.

స్టిక్ ఊడదీసి, షెడ్డు వెనకున్న రంగుల గదిలోకి తీసుకెళ్లాడు. థిన్నర్‌తో తుడిచి, పసుపు పూత వేసి, ఆరాక నల్లరంగు కొట్టి, తీగకి వేలాడదీశాడు. కింద పాత న్యూస్‌పేపరు పరిచాడు. తలుపుకి తాళం వేసి ఇంటికెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చి చూస్తే పెడల్స్ మీద రంగు బాగానే ఉంది. లీవరు మీదా బాగానే ఉంది. స్టిక్ మీద మాత్రం, పట్టుకునే చోట, అల్యూమినియం తెల్లగా తేలి ఉంది.

"ఆరకముందే చెయ్యి పెట్టి ఉంటావు" అన్నాడు మేస్త్రి. "ఈమధ్య నువ్వు ఈ లోకంలో ఉంటున్నావా అసలు?"

పెయింటరు స్టిక్‌ని వెలుతురులోకి తిప్పి చూశాడు. తడి రంగు మీద చెయ్యి పెడితే అంటుకుంటుంది, లేకపోతే చారికలు పడతాయి. ఇలా నున్నగా అరగదు. ఇలా అరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, మేస్త్రికీ తెలుసు.

మళ్లీ రుద్దాడు. మళ్లీ పూత, మళ్లీ రంగు. ఈసారి బయటికి వెళ్లలేదు. గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని, ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలు. మబ్బుకి గది మసకగా ఉంది. థిన్నర్ వాసన ముక్కుపుటాల్లో మండుతోంది. అవతల ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. వాన చప్పుడూ సన్నబడింది. తీగకి స్టిక్ కదలకుండా వేలాడుతోంది.

థిన్నర్ వాసన కింద ఇంకో వాసన మొదలైంది. చాలాసేపు పిడికిట్లో పట్టుకున్న నాణెం వాసన...

తీగ కిర్రుమంది.

పైన కొక్కెం కొద్దిగా సాగింది. స్టిక్ ఒక అంగుళం కిందికి దిగింది, ఎవరో దాని మీద బరువు వేసినట్టు.

తర్వాత చప్పుడు. చిన్న చప్పుడు. గుడ్డతో గిన్నె తుడుస్తున్నట్టు... ఆగి ఆగి... మెల్లగా. స్టిక్ కింద న్యూస్‌పేపరు మీద నల్లటి పొడి రాలుతోంది. గాలి లేదు. పొడి నిలువుగా, సన్నటి దారంలా రాలుతోంది.

పెయింటరు డబ్బా మీంచి లేవలేదు. భయం వెయ్యలేదు. రెండు నెలల తర్వాత గుండెలో ఏదో కదిలింది. అది భయం కాదు, ఆశ.

"అక్కా..." అన్నాడు గుసగుసగా.

చప్పుడు ఆగిపోయింది.

రాలుతున్న పొడి ఆగింది. వింటున్నట్టు... ఎవరు పిలిచారా అని తలతిప్పి చూస్తున్నట్టు...

"అక్కా, నువ్వేనా?"

మళ్లీ మొదలైంది. ఈసారి వడివడిగా.

అతను లేచి దగ్గరికెళ్లాడు. రంగు కింది నుంచి తెల్లటి లోహం ఒక్కో వేలూ తేలుతోంది. చూపుడువేలు. నడిమి వేలు. తన కుడిచెయ్యి చాపి, గాలిలోనే ఆ గుర్తులకి సరిపెట్టి చూశాడు. సరిపోలేదు. బొటనవేలు రెండోవైపు ఉంది.

ఎడమచెయ్యి చాపాడు. సరిపోయింది.

అక్క పదకొండేళ్లూ కుడిచేత్తోనే పట్టుకుంది. పైలట్లెవరైనా అంతే. ఎడమచెయ్యి పక్కనున్న లీవరు మీద ఉంటుంది. ఎడమచేత్తో స్టిక్ పట్టుకునేవాళ్లు... పక్క సీటులోంచి, ఒళ్లు మెలితిప్పి, ఆమె మీదికి వంగి...

పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

వేళ్ల గుర్తులు ఇంకా సాగుతున్నాయి. స్టిక్ చుట్టూ తిరిగి, బొటనవేలిని దాటి, మళ్లీ మొదటికి వచ్చి... రెండో చుట్టు తిరుగుతున్నాయి.

అతను గడియ తీసుకుని బయటపడ్డాడు. పరిగెత్తలేదు. బల్ల మీంచి పెద్ద పట్టకారు, లోహం కోసే రంపం తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. స్టిక్‌ని బెంచీ వైసులో బిగించి, మూడు ముక్కలు కోశాడు. కోస్తున్నంతసేపూ రంపం మీద ఇంకో బలం ఎదురు తోస్తూనే ఉంది. వాటిని పట్టకారుతో ఎత్తి తుక్కు డ్రమ్ములో వేశాడు.

"కిందపడి వంగిపోయింది" అని చెప్పాడు మేస్త్రికి.

మేస్త్రి డ్రమ్ములోకి తొంగిచూశాడు. కోసిన ముక్కలు చూశాడు. అతని మొహం చూశాడు. "సరే, కొత్తది తెప్పిస్తా" అన్నాడు.

కొత్త స్టిక్ వచ్చింది. దాని మీద రంగు నిలిచింది. అయిదో రోజున కొత్త పైలట్ వచ్చి, రెండుసార్లు షెడ్డు చుట్టూ ఎగిరి చూసి, అంతా బాగుందని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. హెలికాప్టర్ చుక్కంత అయ్యేదాకా పెయింటరు చూస్తూ నిలబడ్డాడు. ఒక్కటంటే ఒక్కటే అనిపించింది: అయిపోయింది.

ఆ సాయంత్రం బావ వచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. చేతిలో కాగితం సంచి.

"మీ అక్కవి. నీ దగ్గర ఉంటే బాగుంటుందని..." అన్నాడు.

సంచిలో తోలు చేతి తొడుగుల జత. కొత్తవి. లేబుల్ కూడా తియ్యలేదు.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు కొన్నాను. నయమయ్యాక వేసుకుని ఎగురుతుందని. కవరు కూడా విప్పలేదు. మంచం పక్క బల్ల మీదే పెట్టుకుంది. నిన్ననే చించాను."

పెయింటరు ఎడమచేతిది చూశాడు. కొత్త తోలు వాసన. కుడిచేతిది తిరగేశాడు. అరచేతి వైపు ఒక్క ముడత లేదు. వెనక వైపు, వేళ్ల కణుపుల మీద, తోలు అరిగి కాగితంలా పల్చబడి మెరుస్తోంది. అడ్డంగా నాలుగు చారలు. పొడుగువి.

"బావా... ఇది ఎవరైనా వేసుకున్నారా?"

బావ తొడుగులు తీసుకుని జాగ్రత్తగా సంచిలో పెట్టాడు.

"వద్దులే, నా దగ్గరే ఉంచుతాను" అన్నాడు. "నిన్నటి నుంచీ మా పాప కుడిచేతిది ఒక్కటే తొడుక్కుని తిరుగుతోంది. తియ్యమంటే తియ్యదు, నిద్రపోయాక మెల్లగా లాగి తెచ్చాను. లోపల అమ్మ చెయ్యి ఉందంటుంది."

సంచి మూతి మడిచి, గట్టిగా పట్టుకున్నాడు.

"బయట కూడా ఒకటుందిట."