రెండు కొలతల మందు

థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు పొద్దున్నే, ఇంట్లోవాళ్లు కాఫీ పెట్టుకోకముందే, హార్లన్ పెరటి షెడ్డులో సీసం కరిగించడం మొదలుపెట్టాడు. రేపటి నుంచి జింకల వేట. కావలసిన తూటాలన్నీ పది రోజుల కిందటే తయారైపోయాయి. అయినా ఆ బల్ల ముందు ఓ గంట కూర్చోకపోతే ఆయనకి తెల్లవారినట్టే ఉండదు. కరిగిన సీసాన్ని గరిటతో మూసలో పోసి, గట్టిపడ్డాక మూస విప్పితే మెరిసే గుండు పాత తువ్వాలు మీద పడుతుంది. దాని మీద చిన్న ముడత కనిపించినా తిరిగి కుండలోకే. "నా బల్ల మీద వంకర గుండు పుట్టదు" అని ఊరంతా చెప్పుకుంటాడు. చెప్పుకోవడానికి ఆయనెప్పుడూ మొహమాటపడింది లేదు.

ఒకడు చేసిన తూటా ఇంకొకడు కాల్చకూడదని ఆ కొండల్లో ప్రతివాడికీ తెలుసు. ఎవడి చేతిపని ఎలాంటిదో ఎవరికి తెలుసు? కానీ ఆ కట్టుబాటు ఇంటి గడప బయటే. సొంత ఇంట్లో పెద్దాయన చేసిన తూటా వద్దనడమంటే, ఆయన వడ్డించిన కంచం పక్కకి తోసినట్టే.

కుంపటి ఆర్పి, అల్మరాలోంచి ఒక చిన్న డబ్బా తీశాడు హార్లన్. మనవరాలు టెస్సాకి పన్నెండేళ్లు నిండాయి. రేపు తొలిసారి వేటకి వెళ్తోంది. డబ్బా మీద ఆయన వంకర రాతతో 'టెస్సా మొదటి జింకకి' అని రాసి ఉంది. చడీచప్పుడు లేకుండా పిల్ల జేబులో పెడదామని వెనక వాకిట్లో కొక్కేనికి వేలాడుతున్న దాని నారింజరంగు వేట కోటు జేబులో చెయ్యి పెట్టాడు. లోపల అప్పటికే ఒక డబ్బా ఉంది. నున్నటి అట్టపెట్టె. కొట్లో కొన్న తూటాలు.

ఆయన ముఖం కందిపోయింది.

వంటింట్లో కూతురు లోర్నా నిన్న మిగిలిన గుమ్మడికాయ తీపి రొట్టె వేడి చేస్తోంది. అల్లుడు కర్టిస్ కప్పుల్లో కాఫీ పోస్తున్నాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు కాబట్టి కప్పుని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. హార్లన్ రెండు డబ్బాలూ తెచ్చి బల్ల మీద టపీమని పెట్టాడు.

"ఇదేంటమ్మా? నలభై ఏళ్లలో ఈ ఇంటి గడప తొక్కని సరుకు ఇవాళెలా తొక్కింది?"

"పిల్లకి మొదటిసారి కదా నాన్నా, ఏదైతే ఏం?" అంది లోర్నా, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

"ఏదైతే ఏమా? నీ మొదటి జింక నా తూటాతోనే పడింది. మీ అమ్మదీ అంతే. అడగాల్సింది నిన్ను కాదులే. ఏమయ్యా, నువ్వేనా కొన్నది?"

"నేనే మామయ్యా," అన్నాడు కర్టిస్ నెమ్మదిగా. "కాఫీ తీసుకోండి, చల్లారిపోతుంది."

"నీ కాఫీ ఎవడికి కావాలి! గొట్టంలో బురద ఉందో లేదో చూసుకోకుండా కాల్చి, తుపాకి పేల్చుకుని, వేళ్లు పోగొట్టుకున్నవాడివి. నువ్వా నా తూటాలకి వంకలు పెట్టేది?"

కర్టిస్ ఇంకో కప్పు అందుకున్నాడు. ఏడాదిన్నరగా అతను ఈ మాట పడుతూనే ఉన్నాడు. కిందటి ఏడాది వసంతంలో గురి చూసి కాలుస్తుంటే తుపాకి చేతిలోనే పగిలింది. ఆసుపత్రికి వెళ్లిన హార్లన్, కట్టు కట్టిన చెయ్యి చూసి ముందుగా అన్న మాట, "గొట్టంలో బురద ఉండుంటుంది, చూసుకోలేదు." "కాబోలు మామయ్యా" అన్నాడు కర్టిస్. ఆ కాబోలుని పట్టుకుని హార్లన్ ఊళ్లోవాళ్లంతా చేరే ఫైర్‌స్టేషన్ హాల్లో పదిమంది ముందూ అల్లుడికి 'బురదయ్య' అని పేరు పెట్టాడు. పేరు అతుక్కుపోయింది. చర్చి మెట్ల మీద కూడా అదే పిలుపు.

"బురద! బురద! బురద!" లోర్నా చేతిలో గరిట సింకులో విసిరికొట్టింది. "ఇంక నావల్ల కాదు కర్టిస్. మాటిచ్చాను, నిజమే. కానీ రేపు నా కూతురు తుపాకి ఎత్తుతోంది."

"లోర్నా, వద్దు."

ఆమె అప్పటికే కుర్చీ ఎక్కింది. అల్మరా మీది పిండి డబ్బా వెనకనుంచి రెండు చిన్న మందుబిళ్లల సీసాలు తీసి తండ్రి ముందు పెట్టింది. రెండింట్లోనూ బూడిదరంగు తుపాకి మందు. ఒకదానిలో అడుగున కొంచెం. రెండోదానిలో సరిగ్గా దానికి రెట్టింపు.

"ఆ రోజు పేలగా మిగిలిన నీ తూటాలు నేనూ కర్టిస్ ఒక్కొక్కటే తూకం వేశాం. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ బరువు తూగింది. విప్పి చూస్తే, ఇదీ. డబ్బా కూడా ఉంది నాన్నా, నీ చేతిరాతే."

హార్లన్ రెండు సీసాలనీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయనకి ఎవరూ వివరించనక్కర్లేదు. సీసపు గుండు వెనక మందు కొంచెమే పోస్తారు. ఇత్తడి తొడుగు సగం కూడా నిండదు, పొరపాటున రెండోసారి పోసినా పొంగి చెప్పదు. అందుకే గుండు బిగించేముందు ప్రతి తొడుగులోకీ టార్చి వేసి చూడాలి. ఆ పాఠం ఈ ఊళ్లో సగంమందికి నేర్పింది ఆయనే.

ఇప్పుడన్నీ గుర్తొచ్చాయి. ఆ తూటాల తొడుగుల్లో మందు పోస్తుంటే వరస మధ్యలో ఫోను మోగింది. ఫైర్ హాల్లో జరిగే కోడిమాంసం విందు గురించి స్నేహితుడు వాల్ట్ ఏదో అడిగాడు. తిరిగొచ్చి ఎక్కడ ఆపాడో తెలియక, రెండు తొడుగులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాడు. టార్చి వెలగలేదు. నలభై ఏళ్ల చెయ్యి, అదెందుకు తప్పుతుందిలే అనుకుని గుండ్లు బిగించేశాడు.

"ఎందుకు చెప్పలేదు?" అడిగాడు హార్లన్.

కర్టిస్ కాఫీ కప్పు వైపు చూస్తూ అన్నాడు. "అత్తయ్య పోయాక మీకు ఆ బల్ల ఒక్కటే మిగిలింది. వేళ్లు ఎలాగూ తిరిగి రావు కదా మామయ్యా."

మెట్ల మీద టెస్సా నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. తాతని చూసిన దాని చూపులో కోపం లేదు, భయం ఉంది. ఆయన టెస్సా పేరు రాసిన డబ్బా తీసుకుని ఎవరి ముఖమూ చూడలేక షెడ్డుకి వెళ్లిపోయాడు.

సొరుగు లాగి టార్చి మీట నొక్కాడు. వెలగలేదు. ఏడాదిన్నర కిందటి బాటరీలే, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అంటే టెస్సా కోసం చేసిన ఈ ఇరవై కూడా ఆయన చూడకుండా బిగించినవే. హార్లన్ ఒక్కొక్క తూటా విప్పి మందు తూచాడు. ఇరవయ్యీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నందుకు ఆయనకి ఏడుపొచ్చింది. అది తన గొప్ప కాదు, పిల్ల అదృష్టం. ఆ రోజంతా భోజనానికి కూడా రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున వేటగాళ్లందరికీ ఫైర్ హాల్లో పాన్‌కేకులు. కర్టిస్, టెస్సా ముందు నడిచారు. వెనకాలే హార్లన్.

"రావయ్యా బురదయ్యా!" వాల్ట్ కేకేశాడు. "గొట్టం కడిగావా, లేక మిగతా వేళ్లు కూడా జింకలకి పంచిపెడతావా?"

హాలంతా గొల్లున నవ్వింది. కర్టిస్ అలవాటైన నవ్వు నవ్వి పళ్లెం అందుకున్నాడు. ఆ నవ్వు చూస్తే హార్లన్‌కి నిలబడ్డచోటే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ నవ్వు అతనికి నేర్పింది తనే.

"వాల్ట్, ఆగు," అన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అందరూ వినండి. గొట్టంలో బురద లేదు. ఎప్పుడూ లేదు. తూటా నాది. అందులో రెండుసార్లు మందు పోశాను. టార్చి వేసి చూడలేదు. వీడి వేళ్లు తీసింది నేను. ఆ సంగతి తెలిసి కూడా నా పరువు కోసం వీడు మీ అందరిచేతా మాటలు పడ్డాడు. ఆ పేరు పెట్టింది కూడా నేనే. ఇంకెవరైనా వీణ్ణి అలా పిలిస్తే..."

పెనం మీద మాడుతున్న వాసన వచ్చింది. వాల్ట్ తల దించుకుని సిరప్ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

హార్లన్ వంటింటి బల్ల మీంచి తెచ్చిన కొట్టు డబ్బాని జేబులోంచి తీసి మనవరాలి చేతిలో పెట్టాడు. "ఇవే కాల్చు తల్లీ. ఇవి మంచివి."

టెస్సా తాత చెయ్యి వదల్లేదు. కర్టిస్ బెంచీ మీద పక్కకి జరిగి, మూడు వేళ్ల చేత్తో ఒక పళ్లెం ముందుకి తోశాడు.

"కూర్చోండి మామయ్యా. సోమవారం కొత్త బాటరీలు తెస్తాను. మందు మీరు పొయ్యండి, టార్చి నేను వేస్తాను. నేను సరే అన్నాకే గుండు బిగించాలి."

"నువ్వు సరే అన్నాకే," అన్నాడు హార్లన్. పళ్లెం దగ్గరికి లాక్కుని పాన్‌కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడు.