నేను చదవని రెండేళ్ళు

"ఎంతవరకు చదివారు?"

"మూడు."

"డిగ్రీ మూడో సంవత్సరమా?"

"మూడో తరగతండి."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. తలెత్తి చూసింది. అప్పటిదాకా నాకు కనపడింది పాపిడి ఒక్కటే. కళ్ళు అంత పెద్దవని అప్పుడే తెలిసింది.

అది ఎనభై నాలుగు జూన్. బడులు తెరిచి వారం కాలేదు. ఆగిరిపల్లికి నాలుగు మైళ్ళు లోపలికి వస్తే మా ఊరు. మా ఊళ్ళో బడి పెట్టి పాతికేళ్ళయింది. అక్కడ చదివినవాళ్ళూ, పనిచేసి వెళ్ళినవాళ్ళూ కలిసి ఒక సంఘం పెట్టుకోవాలని పెద్దలు అనుకున్నారు. జూలై ఒకటి, ఆదివారం మొదటి మీటింగు. పేర్లు రాసుకునే పని హెడ్మాస్టరు దశరథరామయ్యగారు తులసి టీచరుకి అప్పజెప్పారు.

ఆమెది మైలవరం. ఒక టీచరు కాన్పుకి సెలవు పెడితే ఆ ఖాళీలో ఏప్రిల్లో వచ్చింది. జూన్ ముప్పయ్యికి ఆ సెలవు అయిపోతుంది.

"ఇదేంటండీ?" నేను నింపిన కాగితాన్ని నా వైపు తిప్పింది. "పేరు గడిలో పేరు రాయమంటే, యలమంద అన్న నాలుగక్షరాలూ అడ్రసు గడి దాటిపోయినాయి."

"నాకు అంతే వచ్చండి."

"కొంచెం చిన్నగా రాయలేరా?"

"చిన్నగా రాస్తే లారీ దగ్గర కనపడదండి."

నేను చేసేది మామిడి తోటల్లో పని. కాయ కోస్తాను, బుట్టలో వరిగడ్డి పరిచి సర్దుతాను, బుట్ట మీద షావుకారు పేరు కుంచెతో రాస్తాను. బళ్ళో నేర్చుకున్న అక్షరాలు పోకుండా ఉన్నాయంటే ఆ బుట్టల వల్లే. అయితే బుట్ట మీద అక్షరం జానెడుంటుంది.

ఆమె నవ్వింది. "ఇది అప్లికేషనండీ. మామిడి బుట్ట కాదు."

నాకు కోపం వచ్చింది. ఆ నవ్వు బాగుండటం వల్ల ఇంకాస్త ఎక్కువ వచ్చింది.

"బుట్ట మీద రాసింది ఇంతవరకూ దారి తప్పలేదండి," అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "అసలు సంగతి రాత కాదండీ. కనీసం ఐదు పాసైనవాళ్ళనే చేర్చుకోవాలని జగన్మోహనరావుగారు రూలు పెట్టారు. నేనేం చెయ్యను?"

జగన్మోహనరావుగారికి అరవై ఎకరాల తోట ఉంది. సంఘానికి ఆయనే ప్రెసిడెంటు అవుతారని అందరికీ తెలుసు. నేను పనిచేసేది ఆయన తోటలోనే.

"మూడేళ్ళు నేను ఆ కిటికీ పక్కన కూర్చున్నానండి," అని బడి వరండాలోంచి గది లోపలికి చూపించాను. "ఆ మూడేళ్ళూ ఈ బళ్ళోవే."

"రూలండీ."

"అయితే రేపొస్తాను."

"రేపటికి మూడు ఐదవదుగా."

"అవదండి. అయినా వస్తాను."

మర్నాడు వెళ్ళాను. బడి వదిలే వేళకి వరండాలో నిలబడ్డాను. నా దగ్గరున్న ఒక చిన్నరసం మామిడిపండు ఆమె బల్ల మీద పెట్టాను.

"లంచమా?"

"కాదండి. దారిలో రాలింది."

"రూలు మారలేదు."

"రేపొస్తాను."

మూడోనాడూ ఒక పండు రాలింది. నాలుగోనాడూ రాలింది.

"మీ దారిలో రోజూ సరిగ్గా ఒక్కటే రాలుతుందా?" అని అడిగింది.

"అవునండి."

"అదీ మచ్చలేనిది, ముగ్గింది?"

"అవునండి."

ఆమె కాగితాల వెనక మొహం దాచుకుంది. భుజాలు కదిలినాయి కాబట్టి నవ్విందనుకున్నాను.

ఐదోనాడు వాన. గొడుగు లేదు. గోనెసంచి తల మీద కప్పుకుని వెళ్ళాను. వరండాలో నీళ్ళు కారుతూ నిలబడితే ఆమె తువ్వాలు ఇచ్చింది. అప్పుడే అడిగింది, బడి ఎందుకు మానేశారని.

"ఆ ఏడు నాన్న చెట్టు మీంచి పడిపోయాడండి. తోట కాపలాకి మనిషి కావాలన్నారు. నేను వెళ్ళాను."

"అంతేనా?"

"అంతేనండి."

ఆమె బల్ల మీది కాగితాలు జల్లు తగలకుండా పక్కకి జరిపింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఈ సంఘంలో చేరితే మీకేం వస్తుందండీ? ఏడాదికోసారి మీటింగు, ఒక కాఫీ. దీనికోసం రోజూ ఇంత దూరం రావాలా?"

"మీటింగుకి రెండు బుట్టల పళ్ళు తోలమన్నారండి రావుగారు. నాతో కూర్చున్నవాళ్ళంతా లోపల తింటుంటే, నేను బుట్టలు వరండాలో దించి వెళ్ళిపోవాలి. అది నా వల్ల కాదండి."

నా జన్మలో అంత పొడుగు మాట అప్పటిదాకా ఎవరితోనూ చెప్పలేదు. చెప్పాక సిగ్గేసింది. తువ్వాలు తిరిగి ఇవ్వడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత మూడు రోజులు కోత ఒత్తిడి, వెళ్ళలేకపోయాను. నాలుగోనాడు వానలో ఆమే తోటకొచ్చింది.

నేనూ మా అమ్మ మంగమ్మా పాకలో బుట్టలు సర్దుతున్నాం. ఆమె ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పొట్లం. చీర కుచ్చెళ్ళ నిండా బురద. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"యలమందగారూ, మీరు ఐదు పాసయ్యారు," అంది.

అమ్మ నా వైపు చూసింది. నేను బుట్ట వైపు చూశాను.

ఆమె పొట్లం విప్పింది. పాత హాజరు రిజిస్టర్లు రెండు. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, నాలుగో తరగతి, యలమంద. ఇదిగో ఐదు. ఏడాదంతా ఒక్క ఆబ్సెంటు లేదు. నేను కూడా ఏనాడూ ఇంత బుద్ధిగా బడికి వెళ్ళలేదు. చివర్లో పాస్ అని కూడా ఉంది."

"ఎట్టా ఉంటదమ్మా?" అంది అమ్మ. "ఆ రెండేళ్ళూ ఈ తోటలోనే చిలకల్ని తోలాడుగా."

తులసి వేలు రిజిస్టరు మీదే ఆగిపోయింది.

మా ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. పిల్లలు నలభై మంది కంటే తగ్గితే రెండో పంతులు పోస్టు తీసేస్తారు. అందుకని మానేసిన పిల్లల పేర్లు కొట్టెయ్యకుండా ఉంచేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పక్కూరి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. ఆ రిజిస్టర్లో సంతకం దశరథరామయ్య మాస్టారిది. అప్పుడాయన రెండో పంతులు.

తులసికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అయినా తేరుకుంది.

"సరే. కాగితం ప్రకారం మీరు ఐదు పాసు. ఎవరూ కాదనలేరు. ఇక్కడ సంతకం పెట్టండి. మీ పేరు లిస్టులో రాసేస్తాను."

"వద్దండి."

"ఏంటండీ?"

"నేను చదివింది మూడు."

"పది రోజులుగా తిరుగుతున్నారుగా దీనికోసమే."

"ఆ మూడేళ్ళకోసం తిరుగుతున్నానండి. ఐదని రాసుకుంటే అవి కూడా ఉత్తుత్తివే అయిపోతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాడు నేను కాకుండా పోతాను."

ఆమె రిజిస్టర్లు టపీమని మూసింది. "మీ పేరు కోసం బీరువాలన్నీ వెతికాను. రెండు మైళ్ళు వానలో నడిచొచ్చాను."

"గొడుగుందిగా అండి," అన్నాను.

ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆమె ఒక్కక్షణం నన్ను చూసి, గొడుగు ముడిచేసి, తడుస్తూనే వెళ్ళిపోయింది.

అమ్మ ఒక కాయ తీసి, తుడిచి, గడ్డి మీద పెట్టింది. "ఒరేయ్, నీకు మాట్లాడటం రాదని తెలుసు. ఊరుకోవడమన్నా రావాలిగా."

ముప్పయ్యో తారీఖు, శనివారం. కోత అయిపోయింది. తోటలో రాలడానికి కూడా కాయ లేదు. ఉత్త చేతులతో, ఉతికిన తువ్వాలుతో బడికెళ్ళాను. తులసి బీరువా తాళాలు హెడ్మాస్టరుగారికి అప్పజెప్తోంది. నన్ను చూసి చూడనట్టు ఊరుకుంది. తువ్వాలు బల్ల మీద పెట్టాను.

"ఇవాళ ఏం రాలలేదా?" అంది, తాళాలకేసి చూస్తూ.

"పంటైపోయిందండి."

దశరథరామయ్య మాస్టారు తల గోక్కున్నారు. "ఒరేయ్ యలమందా, టీచరుగారు నాకంతా చెప్పారు. రేపే మీటింగు. ఆ సంతకం పెట్టెయ్యరా, సరిపోద్ది. జగన్మోహనరావుతో నేను చెప్తాను."

"ఆ హాజరు మీరు వేసింది మాస్టారూ. నేను రాలేదు."

నేను గట్టిగా అనలేదు. అయినా మాస్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడిచారు. తులసి తాళాలు పట్టుకుని అట్టాగే నిలబడింది.

"రేపు మీటింగుకి రా," అన్నారు మాస్టారు చివరికి.

"రానివ్వరుగా."

"వరండాలో నిలబడు. నిన్ను అక్కణ్ణించి పొమ్మనే రూలేం లేదు."

ఆదివారం బుట్టలు వరండాలో దించాను. దించాక వెళ్ళిపోలేదు. స్తంభం పక్కన నిలబడ్డాను. గదుల మధ్య తడికెలు తీసి ఒక్కటే హాలు చేశారు. వంద మంది దాకా వచ్చారు. కండక్టర్లు, గుమాస్తాలు, మేష్టర్లు, ఉంగుటూరు నుంచి పాత డ్రిల్లు మాస్టారు. నా కిటికీ పక్కన ఎవరో బ్యాంకాయన కూర్చున్నాడు.

జగన్మోహనరావుగారు లేచి రూళ్ళు చదివారు. మొదటి రూలు, ఐదు పాసు. ఎవరికైనా అభ్యంతరమా అని మాటవరసకి అడిగారు.

"నాకుంది," అని దశరథరామయ్య మాస్టారు లేచారు.

హాలంతా ఆయన వైపు తిరిగింది.

"ఈ బడికి రెండేళ్ళు రాకుండానే దీన్ని నిలబెట్టినవాడొకడు బయట స్తంభం పక్కన ఉన్నాడు. అరవై తొమ్మిది, డెబ్భైల్లో రిజిస్టర్లో నలభై ఒక్క పేర్లున్నాయి. వాడి పేరు కొట్టేస్తే నలభై. రేపు ఎవరు మానేసినా నా పోస్టు ఎగిరిపోయేది. అందుకని వాడికి రోజూ ప్రెజెంటు వేశాను. వాడు తోటలో ఎండలో ఉంటే నేనిక్కడ నీడలో కూర్చుని వేశాను. ఇవాళ ఆ అబద్ధం వాడుకోరా అంటే, వద్దంటున్నాడు. చదివింది ఆ కిటికీ పక్కన కూర్చున్న మూడే అంటున్నాడు. వాడు బయటుండి నేను లోపలుండటం బాలేదు. మీ రూలు ఉంచుకోండి. నన్ను మాత్రం తీసెయ్యండి."

మాస్టారు కూర్చోలేదు. నడుచుకుంటూ వచ్చి స్తంభానికి ఇటుపక్క నిలబడ్డారు.

జగన్మోహనరావుగారు కాగితం మడిచి, విప్పి, నా వైపు చూశారు. "ఏరా, ఐదని రాసుకుంటే పోయేదిగా. ఎందుకీ రభసంతా?"

"మూడేళ్ళకి ఎంత చోటొస్తే అంతే ఇవ్వండి బాబుగారూ. వెనక బల్లయినా చాలు."

వెనక నుంచి డ్రిల్లు మాస్టారు అన్నారు, "జగన్నా, నువ్వు ఐదు రెండుసార్లు చదివావు. ఒకటి వాడికిచ్చెయ్."

హాలు గొల్లుమంది. జగన్మోహనరావుగారి మొహం ఎర్రబడి, తర్వాత ఆయనే నవ్వేశారు. "సరే రాసుకోండి. ఈ బళ్ళో ఒక్కరోజు బాసింపట్టేసుకుని కూర్చున్నా మెంబరే. మాస్టారూ, మీరు లోపలికి రండి. ఒరేయ్, నువ్వూ రా. ఆ బ్యాంకాయన్ని లేపు, కిటికీ నీదంటగా."

నేను లోపలికెళ్ళాను. గోడ దగ్గర, బడి ఆవరణ బయట, ఇంకా పదిమంది దాకా నిలబడి వింటున్నారు. నాలాంటివాళ్ళే. ఒక్కొక్కరే లోపలికి రావడం కనపడింది.

పళ్ళు పంచేటప్పుడు నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే తులసి.

"మీరు వెళ్ళిపోయారనుకున్నానండి," అన్నాను.

"నిన్న సాయంత్రం మైలవరం వెళ్ళాను. పొద్దున మొదటి బస్సుకి మళ్ళీ వచ్చాను. ఇవాళ్టి నుంచి నేనీ బడికి పాత టీచర్నిగా. నన్నూ చేర్చుకోవాలి." ఒక అప్లికేషను నా ముందు పెట్టింది. ముత్యాల్లాంటి అక్షరాలతో అంతా నింపింది. అడ్రసు గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఇది మర్చిపోయారండి."

"మర్చిపోలేదు. రాత్రి నాన్నకి చెప్పాను."

"ఏం చెప్పారు?"

"ఒకతను ఉన్నాడని చెప్పాను. చదువెంత అన్నారు. మూడు అన్నాను. నాన్న మొహం చిన్నబుచ్చుకున్నారు. కాగితం మీద ఐదుందీ, కానీ ఒప్పుకోడూ అన్నాను. నాన్న భోజనం మధ్యలో ఆపి, అదేం కథో మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. అతన్నోసారి తీసుకురా అన్నారు."

గొడుగు మాట గుర్తొచ్చింది. అట్టాంటి మాట మళ్ళీ రాకూడదని నోరు గట్టిగా మూసుకున్నాను.

"ఏమీ అనరా?"

"అంటే పాడుచేస్తానండి."

ఆమె నవ్వింది. మొదటిరోజు నవ్విన నవ్వే. ఈసారి నాకు కోపం రాలేదు. కలం మూత తీసి నా చేతిలో పెట్టి, ఖాళీ గడి మీద వేలు ఆనించింది.

"ఇక ముందు నా అడ్రసు ఏదో మీరే రాయండి."

నేను కలం పట్టుకున్నాను. గడి చూస్తే రెండు వేళ్ళంత ఉంది. వీలైనంత చిన్నగా మా ఊరి పేరు మొదటి అక్షరం మొదలుపెట్టాను.

"పెద్దగానే రాయండి," అంది తులసి. "అందరికీ కనపడాలి."

పెద్దగానే రాశాను. గడి చాల్లేదు. ఆమె కాగితం వెనక్కి తిప్పి పట్టుకుంది.