మూతబడని కొట్టు

థియో బూషే చేసిన తప్పు చిన్నదేమీ కాదు. నెట్‌లో వెతికితే వచ్చే సమాధానాలను జనం ఎంతవరకు నమ్ముతున్నారో కెనడాలోని థండర్ బే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకోవడం అతని ఉద్యోగం. ఆ రోజు జాబితాలో ఒక కొట్టు చిరునామా వచ్చింది. వాన పడుతోంది కదా అని కారు దిగకుండా ఫోన్లో వెతికాడు. శాశ్వతంగా మూసేశారని వచ్చింది. ఫారంలో ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని రాసేసి చక్కా పోయాడు.

ఆఫీసువాళ్లు ఊరుకోలేదు, స్వయంగా చూసి రమ్మన్నారు. వారం తర్వాత వెళ్తే కొట్టు నిక్షేపంలా ఉంది. లోపల ఒకమ్మాయి ఐస్ స్కేట్లకు సాన పడుతోంది. పేరు కైసా లెహ్తోనెన్. తాత పెట్టిన కొట్టు అది. ఆమె ఉండేది ఆ పైగదిలోనే.

థియోకు అబద్ధమాడటం చేతకాదు. వచ్చిన పనితో పాటు తన నిర్వాకం కూడా చెప్పేశాడు. కైసా మెషీన్ ఆపింది.

“అంటే, నెట్‌ని నమ్ముతారా అని ఊరందరినీ అడిగే మనిషి, నెట్ చూసి నన్ను లేనిదాన్ని చేశాడన్నమాట.”

“అవునండీ. ఏమైనా అనండి, పడతాను.”

ఆమె స్టూలు జరిపి కూర్చోమంది. వేసవి నుంచీ నెట్‌లో అలాగే ఉందట. దిద్దమని మూడుసార్లు రాసినా పలికిన నాథుడు లేడట. ఐస్ హాకీ మొదలయ్యే ఈ రోజుల్లో గుమ్మం దాకా జనం నిలబడాలి, ముగ్గురు వస్తే గొప్పగా ఉంది. ఈ సీజనూ ఇలాగే పోతే కొట్టు వదులుకోవాల్సిందేనని చెప్పింది.

థియో ఫారం తీసి, నమ్మకానికి ఐదులో ఎంతిస్తారని అడిగాడు.

“నా కొట్టు సంగతిలో సున్నా. కానీ దగ్గొస్తే నేనూ పైనున్న మొదటి సమాధానమే చదివి నమ్మేస్తాను. జనాన్ని ఏమని తిట్టను? మీరైతే ఎంతిస్తారు?”

అడిగేవాడు తన అభిప్రాయం చెప్పకూడదన్నది వాళ్ల నియమం. థియో చెవులు ఎర్రబడ్డాయి, తల వంచుకుని తర్వాతి ప్రశ్న చదివాడు.

మర్నాడు తన స్కేట్లు పట్టుకొచ్చాడు. ఆ తర్వాత తన హాకీ జట్టులో ఒక్కొక్కరివీ తేవడం మొదలుపెట్టాడు, అన్నీ ఒకేసారి తెస్తే మళ్లీ రావడానికి సాకు ఉండదని. వస్తూ వస్తూ గులాబీ రంగు ఐసింగ్ పూసిన, ఆ ఊళ్లో పర్షియన్లనే తీపి బన్నులు రెండు తెచ్చేవాడు. సాన రాయి మీద నిప్పురవ్వలు ఎగురుతుంటే ఆమె ముఖం చూస్తూ తన బన్ను తినడం మరిచిపోయేవాడు. అది కూడా ఆమే తినేసేది. ఆ కొట్టు మూసేశారటగా అని ఎవరైనా అంటే, పొద్దున్నే వెళ్లొచ్చానని మాత్రం చెప్పేవాడు. ఆ మాట హాకీ ఆడే ఒక రింకు నుంచి ఇంకో రింకుకు పాకింది. తొలి మంచు పడేసరికి కొట్టు ముందు వరస కట్టారు. నెట్‌లో మాత్రం ఇంకా మూసేసే ఉంది.

ఆరు వారాలకు మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి రెండో విడత ప్రశ్నలు అడగాలి. ముందురోజు సాయంత్రం థియో ఖాళీ చేతులతో వచ్చాడు.

“రేపు నేను రాను. వేరే ఆవిడ వస్తారు.”

కైసా ముఖం చిన్నబోయింది. “నా జవాబులు బాగా లేవా?”

అతను జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కావలసినవాళ్లను ప్రశ్నలు అడగకూడదని కూడా నియమం ఉంది. అలాంటప్పుడు కారణం రాసి ఇంకొకరికి అప్పగించాలి. కారణం దగ్గర ఇలా ఉంది: ‘ఈమె అంటే నాకు ఇష్టం. ఈమె ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది.’

కైసా రెండుసార్లు చదివింది. “ఇది ఆఫీసులో ఇచ్చేశావా?”

“పొద్దున్నే ఇచ్చాను. ఒప్పుకున్నారు, ఇది నకలు.”

“నన్ను అడగలేదు మరి.”

“మిమ్మల్ని అడగడానికే వచ్చాను. నాకు ఇంకో సాకు లేదు, మా జట్టులో స్కేట్లు అయిపోయాయి.”

ఆమెకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కాగితం మడిచి తన జేబులోనే పెట్టుకుంది.

“ఆవిణ్ణి పదింటికి రమ్మను. నువ్వు పదకొండింటికి రా. నన్ను మీరు అనడం మానేసి రా.”