తలుపు మీద కాలిన రంగు

"అయ్యో! ఎంత పని చేశానే!"

షెడ్డులోంచి భర్త వేసిన కేక విని, చేతిలో పని వదిలేసి పరుగెత్తింది ఆమె. పాలిష్ మెషిన్ నేల మీద పడి ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది! ఎర్రటి స్పోర్ట్స్ కారు పక్కన కూలబడి, తలుపు అంచును వేళ్లతో తడుముతున్నాడాయన. అక్కడ రంగు కాలిపోయి, అడుగునున్న బూడిదరంగు పూత పుండులా బయటపడింది...

అది మామూలు కారు కాదు. ముచ్చటపడి కొనుక్కున్న కుర్రవాడు జబ్బుచేసి పోయాడు. అప్పట్నుంచి ఎండకి ఎండి, వానకి తడిసి, ఒళ్లంతా గీతలతో, అద్దాల చుట్టూ ఉన్న నల్ల రబ్బరు పట్టీలు తెల్లబారిపోయి, దిక్కులేనిదానిలా పడి ఉంది. "మావాడు ఇంటికి తెచ్చిన రోజు ఎలా ఉందో అలా చేసివ్వండి... ఇంకేమీ అడగను" అని ఆ తండ్రి చేతులు పట్టుకుని మరీ అప్పగించి వెళ్లాడు.

"ఒకేచోట మెషిన్ ఆపి ఉంచానే, రాపిడికి రంగు కాలిపోయింది... కనపళ్లేదు. నాకు కనపడట్లేదే!" భర్త భోరుమన్నాడు.

ఆమెకి తెలియని సంగతా? ఆ మాట ముందే అన్నది కూతురు. చిన్నప్పట్నుంచీ తండ్రి పక్కనే పని నేర్చుకున్న పిల్ల, "గీతలు ఇంకా ఉన్నాయి నాన్నా, నీకు ఆనట్లేదు" అంది. అదీ నలుగురి ముందు! "నా దగ్గర నేర్చుకుని నా కళ్లకే వంకపెడతావా? మళ్లీ ఈ గడప తొక్కకు!" అని ఆయన వెళ్లగొడితే, తల్లయి ఉండీ తను నోరు మెదపలేదు. పిల్ల ఇంకో షెడ్డులో పనికి కుదిరింది. మళ్లీ ఇటు రాలేదు.

"అమ్మాయిని పిలుస్తాను."

"వద్దు! ఏ మొహం పెట్టుకుని..."

"మీ పంతం కోసం కడుపున పుట్టినదాన్ని వదులుకున్నాను. ఇక నావల్ల కాదండీ!" ఆ గొంతు తనదేనా అని ఆమే ఉలిక్కిపడింది.

కూతురు వచ్చింది. తండ్రి వైపు చూడకుండా తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఇది పాలిష్‌తో పోదమ్మా. తలుపంతా కొత్తగా రంగు వెయ్యాలి. ముందు ఈ కారు ఇచ్చిన పెద్దాయనకి చెప్పాలి."

"నేనే చెబుతాను" అన్నాడు తండ్రి, తల ఎత్తకుండానే.

పెద్దాయన వచ్చి, కాలినచోట అరచెయ్యి ఆనించాడు. "మావాడు ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాడు తన చేత్తో తుడుచుకున్న రంగిది..."

"నా చూపు పోతోంది బాబూ! ఒప్పుకోలేక మీ బిడ్డ గుర్తు పాడుచేశాను." చేతులు జోడించాడు భర్త.

పెద్దాయన తిట్టలేదు, క్షమించానని అననూలేదు. "మిగిలిందైనా కాపాడండి" అని వెళ్లిపోయాడు.

కూతురు రబ్బరు పట్టీలు ఊడదీసి, తలుపుకి రంగు కొట్టి, ఆరాక మిగతా కారంతా మెషిన్ పట్టింది. తండ్రి స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడే వింటున్నాడు. ఉండబట్టలేక, "అంచుల దగ్గర ఒకేచోట ఆపకమ్మా..." అన్నాడు.

కూతురి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఆపను నాన్నా."

నాన్నా! ఎన్నాళ్లకి ఆ పిలుపు! తల్లి ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

కారు తళతళలాడుతూ తయారైంది. పెద్దాయన ముందుభాగమంతా ప్రేమగా నిమిరాడు. ఆ కొత్త తలుపును మాత్రం తాకలేదు. రెండోవైపు తలుపు తీసుకుని ఎక్కి, డ్రైవరు సీట్లోకి జరిగి, నడుపుకుంటూ వెళ్లిపోయాడు. కళ్లకి కనపడకపోయినా, అవతలివైపు తలుపు చప్పుడు విని భర్తకి అర్థమైంది. ఈమధ్య ఆసుపత్రికి తీసుకెళ్తే, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆయన ముఖం అంతలా వాడిపోలేదు!

చాలాసేపటికి లేచి, జేబులోంచి షెడ్డు తాళాలు తీశాడు. "ఇక నువ్వే చూసుకో తల్లీ..." అంటూ కూతురు ఉందనుకున్న వైపు చాచాడు. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ గోడ... అంతే! తల్లి ఆయన భుజం పట్టి ఇటు తిప్పబోయింది.

కూతురు వద్దన్నట్టు తలూపింది. అడుగుల చప్పుడు వినిపించకుండా చుట్టూ నడిచి వెళ్లి, తండ్రి చెయ్యి చాచిన చోట నిలబడి, తాళాలు అందుకుంది.