సిగ్గు కోసం జానెడు పొడుగు

కిల్ట్ కట్టుకున్న మగవాడి మీద జాలిపడి తన పెళ్లి తానే చెడగొట్టుకోబోయిన టైలర్ దుబాయ్ మొత్తంలో సనావుల్లా ఒక్కడే ఉంటాడు.

అది ఎనభై రెండు నవంబర్. పోర్టులో ఇంజనీరు మెకెంజీ దొర సత్వాలోని మౌలా సాహెబ్ కుట్టు దుకాణానికి ఒక నల్ల వెల్వెట్ కోటు తెచ్చాడు. వాళ్ల తాతది. స్కాట్లాండులో మగవాళ్లు లంగాలా కట్టుకునే గళ్ల కిల్ట్ మీదికి వేసుకునేదట. నడుము దగ్గరే ఆగిపోయి, కింద పట్టీలు విడివిడిగా వేలాడుతున్నాయి. గురువారం తమవాళ్ల విందుకు అచ్చం అలాంటిదే తన కొలతకు కావాలన్నాడు.

"ఇది కుడితే నువ్వు మాస్టర్‌వి," అని మౌలా సాహెబ్ కత్తెర చేతికిచ్చాడు.

సనావుల్లాకు కావలసిందీ అదే. దుకాణంలో కాజాలు కుట్టే రహమతున్నీసా మౌలా సాహెబ్ కూతురు. ఆమెను తనకిచ్చి పెళ్లి చెయ్యమని ఆయన్ని అడగాలని ఏడు నెలలుగా గొంతు సవరించుకుంటున్నాడు. పైజామాలు కుట్టేవాడికి అడిగే ముఖమేది? మాస్టరైతే అడగొచ్చు. అదీ త్వరగా అడగాలి. శుక్రవారం మౌలా సాహెబ్ ఆమెకు కావలి ఊరినుంచి వచ్చిన సంబంధం వాళ్లకు సరేనని జాబు రాయబోతున్నాడు.

"ఏందది, పట్టీలన్నీ కలిపేస్తా ఉండారే?" అంది రహమతున్నీసా.

"చిరుగులు కావా అవి?"

"చిరుగులు అంత సమంగా ఉంటాయా?"

"అక్కడి ఎలుకలు చదువుకున్నవేమో."

ఆమె నవ్వింది. ఆమె నవ్వితే సనావుల్లాకు తాను మహా తెలివిగలవాడిననిపిస్తుంది. ఆ ఊపులో కోటు జానెడు పొడుగు పెంచేశాడు.

"అదెందుకు?"

"పాపం, కింద ప్యాంటు కూడా ఉండదంట. గాలొస్తే? ఆయన సిగ్గు మనం కాపాడొద్దా?"

బుధవారం పొద్దున్నే దొర కిల్ట్‌తో దిగాడు. మేజోడులో చిన్న కత్తి, నడుము ముందు వెండి మూతి ఉన్న బొచ్చు సంచి. కోటు తొడిగాడు. సంచి మాయమైంది. అద్దంలో దొర రెయిన్‌కోటు వేసుకున్న పోస్ట్‌మ్యాన్‌లా ఉన్నాడు.

"మేరా స్పోరన్ కిధర్ గయా?" అని కోటు కింద సంచి కోసం తడుముకున్నాడు.

మౌలా సాహెబ్ ఆయన్ని బతిమాలి పంపించి, ఇటు తిరిగాడు. "రేపటికి సరిచెయ్యకపోతే ఖలాస్. నీకు పైజామాలే."

ఆయన నమాజుకు వెళ్లగానే రహమతున్నీసా సొరుగులోంచి బ్రౌన్ పేపర్ తీసింది. దాని మీద దొర తాత కోటు అచ్చు, పట్టీలతో సహా.

"వచ్చిన రోజే గీసి పెట్టినా. మీరిట్టా చేస్తారని తెలుసు."

"తెలిసీ చెప్పలేదే!"

"చెప్పినాగా. మీరు ఎలుకల చదువు గురించి మాట్లాడితిరి."

అతను కుట్లు విప్పాడు, ఆమె అచ్చు పరిచింది. మధ్యాహ్నమంతా ఒకే బల్ల మీద ఇద్దరి తలలూ వంగి ఉన్నాయి.

"కోటు అక్కడ ఆగేది సంచి కనపడేదానికే," అందామె. "ముక్కుపుడక పెట్టుకొని ముక్కు కప్పుకుంటామా?"

"కప్పిపెట్టడం నాకలవాటు."

"ఏం కప్పిపెట్టినారు?"

సనావుల్లా సూది వేలికి గుచ్చుకున్నాడు. "కావలికి జాబు రాయొద్దని మీ నాయనకు చెప్పాలని ఉంది. ఏడు నెలలుగా."

ఆమె ఒక గుడ్డపీలిక అతని వైపు తోసింది. "అది చెప్పేదానికి మాస్టర్ కావాల్నా?" అంది.

గురువారం దొర కొత్త కోటు తొడిగి అద్దం ముందు చిందేశాడు. మెడ కింద రహమతున్నీసా అల్లిన తెల్ల లేసు, పట్టీల మధ్య మెరిసే సంచి. ఆయన వెళ్లాక మౌలా సాహెబ్ సనావుల్లా భుజం తట్టాడు. "శభాష్ మాస్టర్!"

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"అచ్చు రహమతున్నీసాది, ఉస్తాద్. చెడగొట్టడం ఒక్కటే నా సొంతం. కావలికి జాబు రాయొద్దు. ఆమెను నాకివ్వండి."

"మాస్టర్ని కాదని నువ్వే చెప్పి, నా బిడ్డనడుగుతా ఉండావా?"

"అవును ఉస్తాద్. నాకూ తిక్కగానే ఉంది."

మౌలా సాహెబ్ కూతురివైపు చూశాడు. "ఏమ్మా?"

ఆమె మెడలోంచి టేపు తీసి సనావుల్లా ఛాతీకి చుట్టింది.

"షేర్వానీ నేనే కత్తిరిస్తా నాయనా. ఈయనకిస్తే మడమల దాకా వస్తది."

మౌలా సాహెబ్ పగలబడి నవ్వాడు. సనావుల్లా మాత్రం బొమ్మలా నిలబడిపోయాడు.

"ఊపిరి వదులు," అంది రహమతున్నీసా మెల్లగా, మొదటిసారి నువ్వంటూ. "కొలత తప్పుతది."