నెమలి రుమాలు వెనకవైపు

"హజీరా ఆక్సిజన్ ప్లాంట్ నుంచి ట్యాంకర్లు బయల్దేరుతున్నాయి. విదేశీ ముఠా ఎక్కడో బాంబు పెట్టింది. ఎక్కడన్నది మన సోర్స్ భూదేవికి తెలుసు."

2021 ఏప్రిల్. ఫోన్‌లో చీఫ్ శివకృష్ణ గొంతు.

"ఆమెని నువ్వెప్పుడూ చూడలేదు. గుర్తు కోడ్ మాటలు, తన చేత్తో కుట్టుకున్న నెమలి రుమాలు. నువ్వు చెప్పిన చోటికే బాంబ్ స్క్వాడ్ వెళ్తుంది. అన్నట్టు, ఆ నెమలి ప్యాటర్న్ నువ్వు గీసిందే. నీ ఆడంగి కుట్టు ఇన్నాళ్ళకి పనికొచ్చింది."

ఏజెంట్ రఘుపతి పళ్ళు నూరాడు. ఉద్యోగం గూఢచారి. తీరిక దొరికితే లాప్‌టాప్‌లో ఒక్కో గడికీ రంగు వేసి ఇంటూ గుర్తుల కుట్టుకి, అదే క్రాస్ స్టిచ్‌కి, ప్యాటర్న్‌లు గీస్తాడు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళున్నారు. ఆఫీసులో నవ్వేవాళ్ళున్నారు. సూదిలో దారం ఎక్కించడం రాని వెధవలకి నవ్వడమైనా వచ్చు కదా అనుకునేవాడు.

ఇవాళ కోపానికీ వ్యవధి లేదు. ఇక్కడే ఊళ్ళో ఆసుపత్రిలో వాళ్ళమ్మ ఐలమ్మ ఆ ట్యాంకర్ల కోసమే ఎగశ్వాసతో ఎదురుచూస్తోంది.

ప్లాంట్ గేటు ఎదురుగా, మూసిన టీ కొట్టు ముందు డెలివరీ బాయ్ వేషంలో నిలబడ్డాడు. ఒకామె వచ్చింది. ఖరీదైన మాస్కు, హైహీల్స్, రోడ్డంతా సెంటు వాసన. శవాలు లైన్లో ఉన్న ఊరికి పెళ్ళికొచ్చినట్టుంది.

"నెమలి ఎక్కడ మేస్తోంది?"

"సముద్రం గట్టున," అంటూ రుమాలు అందించింది. "బాంబు ఎరువుల గోదాంలో ఉంది. స్క్వాడ్‌ని అక్కడికి పంపండి. ట్యాంకర్లు సేఫ్."

కోడ్ సరిపోయింది. నెమలిలో ఒక్క గడి తప్పలేదు. కుట్టేవాళ్ళందరికీ ఉన్న అలవాటు కొద్దీ రఘుపతి రుమాలు తిప్పి చూశాడు.

వెనకంతా తెల్లదారం. చేత్తో కుడితే ముందున్న రంగులే వెనకా కనబడతాయి. ఇది ఎంబ్రాయిడరీ మిషన్ అడుగు దారం. ఈమె భూదేవి కాదు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"మిషన్ మీద కొట్టిచ్చినవా? మా అమ్మ పానం దియ్యనీకి వచ్చి, జర సూది పట్టే ఓపిక సుత లేకపాయెనా నీకు?"

ఆమె పౌడర్ డబ్బా తెరిచింది. లోపల పౌడర్ లేదు, ఎర్ర బటన్ ఉంది. గేట్లో మొదటి ట్యాంకర్ హారన్ మోగింది. రఘుపతి జేబులో సూది ఉంది గానీ, క్రాస్ స్టిచ్ సూదికి మొన ఉండదు. ఆమె చెయ్యి మెలిపెట్టాడు. బొటనవేలు బటన్‌కి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

"సార్, గోదాం అబద్ధం! స్క్వాడ్‌ని ట్యాంకర్లకి పంపండి!" అని చీఫ్‌కి ఫోన్‌లో అరిచాడు.

మొదటి ట్యాంకర్ కిందే దొరికింది బాంబు. మాస్కు లాగితే ఆమె మోనా. చీఫ్ ప్రతి మీటింగ్‌లోనూ పొగిడే ఢిల్లీ ఆఫీసు స్టార్. జీతం మాత్రం రెండు చోట్లా, ముఠా దగ్గర కూడా. సంగతి విని చీఫ్ గబుక్కున ఫోన్ పెట్టేశాడు.

ప్లాంట్ క్యాంటీన్‌లో వంట చేసే అసలు భూదేవి, తెలుగు నేతగాళ్ళుండే లింబాయత్ పేటలో, మూతపడ్డ మగ్గాల షెడ్డులో కట్లతో దొరికింది.

"ఫోన్ గుంజుకున్నరు సార్. కోడు, నెమలి బొమ్మ అన్ని అండ్లనే ఉండె. రుమాల్ మాత్రం కొప్పుల దాసిన," అంటూ తీసిచ్చింది.

రఘుపతి తిప్పి చూశాడు. వెనకంతా ముడులే.

"ముడులు ఎయ్యొద్దని ప్యాటర్న్ మీద రాసిన గద అక్కా!"

"గదంత ఎవలు సదువుతరు సార్?"

అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్. ఆక్సిజన్ చేరింది, అమ్మ కళ్ళు తెరిచింది. రఘుపతి కళ్ళు తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముడుల్ని ఈ ఒక్కసారికి క్షమించాడు. 'ఆడంగి కుట్టు' అన్న చీఫ్‌ని మాత్రం క్షమించలేదు.